ఆపిన రోజుకు కూలి కట్టండి: మోడలింగ్ ఏజెన్సీలకు, వస్త్ర, నగల దుకాణాల యజమానులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మోడలింగ్ ఏజెన్సీల నిర్వాహకులకు, కోఆర్డినేటర్లకు, మా చేత చీరలు కట్టించి, నగలు పెట్టించి ఫొటోలు తీయించే దుకాణాల యజమానులకు,

నమస్కారం.

నేను పదేళ్లుగా హైదరాబాద్‌లో మోడల్‌గా పనిచేస్తున్నాను. సొంతూరు గుంటూరు దగ్గర. చీరల క్యాటలాగులు, నగల ప్రకటనలు, షోరూం ప్రారంభాలు, అప్పుడప్పుడు ర్యాంప్. ఇదే నా బతుకుతెరువు. మీలో కొందరి చేతి అన్నం తిన్నాను. అది మరిచిపోయి రాస్తున్న ఉత్తరం కాదిది.

పోయిన ఏడాది మేం పధ్నాలుగు మందిమి కలిసి ఒక అర్జీ రాశాం. ఎక్స్‌క్లూజివ్ కాంట్రాక్టుల్లో ఉన్న కొన్ని షరతులు మార్చమని అడిగాం. ఆరు ఏజెన్సీలకు రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అందినట్టు రసీదులు వచ్చాయి, జవాబులు రాలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే, "మీరు ఉద్యోగులు కాదు కదమ్మా, ఇది మా కిందకి రాదు" అన్నారు. ఆ వారంలోనే అర్జీ మీద సంతకం పెట్టిన ఇద్దరు అమ్మాయిలకు ఫోన్లు వెళ్లాయి, అందులో నీ పేరెందుకుంది అని. తర్వాత వాళ్లకు బుకింగులు ఆగిపోయాయి. లోపల్లోపల అడిగితే జరిగింది ఇదీ. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఈ రంగం తెలియని వారి కోసం ముందు కొంచెం చెప్పాలి. ఎక్స్‌క్లూజివ్ అనే మాట మా దగ్గర రెండు విధాలుగా నడుస్తుంది. ఒకటి దుకాణంతో. ఒక నగల కొట్టువాళ్లు ఒక అమ్మాయిని తమ ప్రకటనలకు పెట్టుకుని, ఏడాది పాటు ఇంకో నగల కొట్టుకు చేయొద్దంటారు. చేయకుండా ఆగినందుకు డబ్బు కడతారు. రెండోది ఏజెన్సీతో. మూడేళ్లో అయిదేళ్లో నీకొచ్చే ప్రతి పనీ మా ద్వారానే రావాలి, నువ్వు సొంతంగా తెచ్చుకున్నదైనా సరే అని రాయించుకుంటారు. దీనికి ఎవరూ పైసా కట్టరు. నా గొడవంతా ఈ రెండో దాని మీదే.

ఎక్స్‌క్లూజివ్ అనేది మొదట్లో ఊరికే రాయించుకునేది కాదు, డబ్బు పోసి కొనుక్కునేది. 1973లో అమెరికాలో రెవ్లాన్ అనే సౌందర్య సాధనాల కంపెనీ లారెన్ హటన్ అనే మోడల్‌తో చేసుకున్న ఒప్పందాన్ని ఈ వృత్తిలో అందరూ చెప్పుకుంటారు. అప్పటిదాకా మోడళ్లకు గంటల లెక్కన, రోజుల లెక్కన కూలి. ఆ ఒప్పందంలో ఏడాదికి కొద్ది రోజుల పనే. కట్టింది మాత్రం ఏడాది మొత్తానికి, పోటీ కంపెనీల వైపు వెళ్లకుండా ఉన్నందుకు కూడా కలిపి.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. పెళ్లి ముహూర్తానికి ఫంక్షన్ హాలు మాట్లాడుకుంటే అడ్వాన్సు కడతాం. సన్నాయి మేళానికీ కడతాం, వంటవాళ్లకూ కడతాం. పెళ్లి వాయిదా పడినా ఆ డబ్బు పూర్తిగా తిరిగి అడగం. ఎందుకంటే ఆ రోజుకు వాళ్లు ఇంకెవరికీ మాటివ్వకుండా ఆగారు. మరి ఒక అమ్మాయి అయిదేళ్ల రోజులన్నిటినీ ఆపి పెట్టుకున్నప్పుడు అడ్వాన్సు మాట ఎందుకు రాదు? ఈ ఉత్తరంలో నేనడిగేది అంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది.

నా సంగతి చెబుతాను. 2016లో నాకు 19 ఏళ్లు. ఒక చీరల క్యాటలాగ్ షూట్‌లో ఉన్నాను. క్యాటలాగ్ షూట్ అంటే రోజుకు నలభై చీరలు. అన్నీ ఫాల్ కుట్టని కొత్త చీరలే, అంచు కాళ్ల దగ్గర ముడుచుకుపోతూ ఉంటుంది. ఒకే లంగా మీద ఒకటి విప్పి ఒకటి కడతారు. రవిక వదులైతే వెనక కాగితాల క్లిప్పులు పెట్టి బిగిస్తారు. సాయంత్రానికి నడుము చుట్టూ లంగా బొందు ఒరుసుకుపోయి ఎర్రటి గీత పడుతుంది, భుజం మీద పిన్నుల గాట్లుంటాయి. ఆ రాత్రి తొమ్మిదిన్నరకు, ముప్పై ఎనిమిదో చీర విప్పుతుండగా, ఏజెన్సీ కోఆర్డినేటర్ మేకప్ టేబుల్ మీద కాంట్రాక్టు కాగితాలు పెట్టాడు. పధ్నాలుగు పేజీలు, అంతా ఇంగ్లిష్. నేను తెలుగు మీడియంలో ఇంటర్ చదివిన పిల్లను. "అందరూ పెడతారమ్మా, మామూలే" అన్నాడు. కాటుక తుడిచిన దూది పక్కకు నెట్టి పేజీ పేజీకీ సంతకం పెట్టాను. కాపీ తర్వాత ఇస్తామన్నారు. ఆ కాపీ నా చేతికి వచ్చింది రెండేళ్ల తర్వాత, లాయరు నోటీసుకు జతగా.

ఆ రెండేళ్లలో వాళ్లు ఇప్పించిన పని మొత్తం ఇరవై మూడు రోజులు. ఏడొందల పైచిలుకు రోజుల్లో ఇరవై మూడు. మధ్యలో మా బంధువు ఒకాయన ఊళ్లో బట్టల కొట్టు పెట్టి, ఆషాఢం సేల్ ఫ్లెక్సీ కోసం ఒక ఫొటో దిగమన్నాడు. ఎనిమిది వేలు ఇచ్చాడు. ఆ ఫ్లెక్సీని ఎవరో ఫోన్‌లో తీసి ఏజెన్సీకి పంపారు. నోటీసులో నన్ను అడిగిన నష్టపరిహారం పది లక్షలు. మా నాన్న ఆ నోటీసును మడిచి పంచాంగంలో పెట్టి, "పొలం బేరం పెట్టాలా అమ్మా?" అని అడిగాడు. ఆ మాట నేనిప్పటికీ మరిచిపోలేదు.

తెలిసిన ఒక లాయరమ్మ రెండు పేజీల జవాబు రాశారు. దాంతో నోటీసు అక్కడే ఆగిపోయింది, కేసు కాలేదు. కానీ ఆ గొడవ తేలేదాకా ఎవరూ నన్ను పిలవలేదు. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ "ఎన్‌వోసీ తెచ్చుకో" అన్నారు, అంటే అభ్యంతరం లేదని ఏజెన్సీ రాసిచ్చే కాగితం. రెండు సీజన్లు పోయాయి.

నా ఒక్కదాని కథే అయితే ఇంత దూరం రాసేదాన్ని కాదు. అర్జీ రాసే ముందు మా పధ్నాలుగు మంది కాంట్రాక్టులు ఒక చోట పరిచి చదువుకున్నాం. అందులో కనబడినవీ, వాటివల్ల ఎవరికేం జరుగుతోందో అదీ కింద రాస్తున్నాను.

1. పని గ్యారంటీ ఏ కాంట్రాక్టులోనూ లేదు. వేరే చోట చేయకూడదన్న షరతు అన్నిటిలోనూ ఉంది. మా పని ఏడాది పొడవునా ఒకేలా ఉండదని మీకు నేను చెప్పక్కర్లేదు. సంక్రాంతి సరుకు నవంబరు, డిసెంబరుల్లో, అక్షయ తృతీయ నగలు మార్చిలో, శ్రావణం పట్టుచీరలు జూన్‌లో, దసరా, దీపావళి సరుకు ఆగస్టు, సెప్టెంబరుల్లో షూట్ అవుతాయి. ఆ నాలుగు విడతల్లో వచ్చిందే మిగతా నెలల్లో హాస్టల్ అద్దె, తిండి, ఇంటికి పంపే డబ్బు. "డేట్లు బ్లాక్ చేశాం, ఎక్కడికీ కదలకు" అని జూన్‌లో పది రోజులు కూర్చోబెట్టి, ముందు రోజు రాత్రి క్యాన్సిల్ అంటే పోయేది పది రోజులు కాదు, ఆ అమ్మాయి మూడు నెలల సంపాదన.

2. సొంతంగా తెచ్చుకున్న పని మీద కూడా కమిషన్. నా కాంట్రాక్టులో అది 35 శాతం. ఇంకో అమ్మాయికి 40.

3. ఖర్చుల ఖాతా. పని అడిగేటప్పుడు చూపించే పోర్ట్‌ఫోలియో ఫొటోలు, నడక, తీరు నేర్పే గ్రూమింగ్ క్లాసులు, ఏజెన్సీ చూపించిన ఫ్లాట్‌లో మంచం అద్దె, ఫొటోల ప్రింట్లు, అన్నీ మా పేరున రాస్తారు. ఎంత రాశారో చూపించరు. నా దగ్గర పోర్ట్‌ఫోలియోకు అరవై వేలు పట్టారు. ఆ ఫొటోలు తీసిన అతను తర్వాత ఒక షూట్‌లో కలిసి, తనకు ముట్టింది పద్దెనిమిది వేలేనని చెప్పాడు. మాలో ఒక అమ్మాయి ఎనిమిది నెలలు పనిచేసి ఏజెన్సీకే బాకీ తేలింది. వరంగల్ నుంచి వచ్చిన పిల్ల. ఇంటికి ఏం చెప్పాలో తెలియక, పని బాగానే ఉందని చెబుతూ వచ్చింది.

దుకాణాల యజమానులు ఈ మూడో అంశం దగ్గర కాస్త ఆగాలి. మీరు మా కోసమని కడుతున్న డబ్బులో మాకెంత అందుతోందో మీకు తెలియదు. ఒక నగల షూట్‌కు దుకాణంవాళ్లు కట్టింది నలభై వేలని వాళ్ల అకౌంటెంట్ గారు మాటల్లో అంటే విన్నాను. నా ఖాతాలో పడింది పదమూడు వేలు, అదీ నాలుగు నెలలకు. ఆ రోజు నా నడుముకు పెట్టిన వడ్డాణాన్ని తీసేటప్పుడు సెక్యూరిటీ ఆయన తూకం వేసి, కాగితం మీద గ్రాములు రాసుకుని, నా చేత సంతకం పెట్టించుకున్నాడు. తప్పుపట్టను, బంగారం కదా. నా కూలికి కూడా అలాంటి కాగితం ఒకటి ఉండాలని అడుగుతున్నాను.

4. దానంతట అదే పొడిగింపయ్యే కాంట్రాక్టు. గడువుకు అరవై రోజుల ముందు రాతపూర్వకంగా వద్దనకపోతే మళ్లీ మూడేళ్లు. కాపీ చేతిలో లేని పిల్లకు గడువు ఎప్పుడో ఎలా తెలుస్తుంది? ఇంతకంటే బాధ పెట్టే షరతు ఇంకోటుంది. చదువుకో, జబ్బుకో, కాన్పుకో పని ఆపితే ఆపినన్ని నెలలూ కాంట్రాక్టు చివర కలుపుతారు. సరిగ్గా ఇదే పని ఒకప్పుడు హాలీవుడ్ స్టూడియోలు నటుల మీద చేశాయి. ఒలీవియా డి హావిలాండ్ అనే నటి వార్నర్ బ్రదర్స్ మీద కోర్టుకెక్కింది. పాత్ర వద్దన్నందుకు ఆమెను సస్పెండ్ చేసిన కాలమంతా ఏడేళ్ల కాంట్రాక్టుకు కలుపుతూ పోయారు. ఏడేళ్లంటే క్యాలెండర్ ప్రకారం ఏడేళ్లే, ఆ పైన మనిషిని కట్టేయడానికి లేదని 1944లో కాలిఫోర్నియా కోర్టు తేల్చింది. ఎనభై ఏళ్ల కిందట అక్కడ చెల్లదన్న షరతుతో ఇక్కడ ఒక బాలింతకు కాంట్రాక్టు పొడిగించారు. ఆ అమ్మాయి మా పధ్నాలుగు మందిలో ఒకరు.

5. కాంట్రాక్టు అయిపోయాక కూడా కట్టడి. మా ద్వారా పరిచయమైన ఏ దుకాణంతోనూ ఏడాది పాటు పని చేయకూడదని రాస్తారు. రెండు రాష్ట్రాల్లోని పెద్ద దుకాణాలన్నీ మీకు పరిచయమే కాబట్టి ఆ ఏడాది ఆ అమ్మాయి ఇంట్లో కూర్చోవాలి.

6. ఫొటోలు శాశ్వతంగా మీవే. ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే సాంకేతిక పద్ధతులన్నిటిలోనూ వాడుకోవచ్చని ఒక్క వాక్యంలో రాయించుకుంటున్నారు. నిన్నటిదాకా ఆ వాక్యం ఎవరికీ పట్టలేదు. ఇవాళ ఆ వాక్యంతో నా ముఖానికి కంప్యూటర్‌లో నేనెప్పుడూ కట్టని చీర కట్టి, నన్ను పిలవకుండానే క్యాటలాగ్ పూర్తి చేయవచ్చు. 2025లో హెచ్ అండ్ ఎం అనే దుస్తుల కంపెనీ ముప్పై మంది మోడళ్లకు డిజిటల్ ప్రతిరూపాలు చేయిస్తున్నామని ప్రకటించినప్పుడు, వాటి మీద హక్కులు ఆ మోడళ్లకే ఉంటాయని చెప్పింది. మన దగ్గర నాగార్జున గారు తన పేరు, రూపం అనుమతి లేకుండా వాడకూడదని అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఆయన కోర్టుకు వెళ్లగలరు. నెలకు ఏడు వేలు హాస్టల్ ఫీజు కట్టే పిల్ల ఢిల్లీ దాకా ఎలా వెళ్తుంది?

7. పదిహేడేళ్ల పిల్లల సంతకాలు. దీని మీద ఎక్కువ రాయను. పద్దెనిమిది నిండనివారు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని బ్రిటిష్ కాలపు అత్యున్నత కోర్టు ప్రీవీ కౌన్సిల్ 1903లోనే చెప్పింది. మొహొరీ బీబీ కేసు, లా చదివే ప్రతి పిల్లకూ తెలుసు. తెలిసీ రాయించుకుంటున్నారు.

ఈ కట్టడి మా దగ్గరే ఆగిపోవడం లేదు. మాతో పనిచేసే ఒక అమ్మాయిది మంగళగిరిలో మగ్గం నేసే ఇల్లు. వాళ్ల వీధిలో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి, మధ్యలో ఎవరూ లేకుండా ఫోన్‌లోనే చీరలు అమ్ముకుందామనుకున్నారు. ఫొటోలు కావాలి. ఇంట్లోనే మోడల్ ఉంది. తండ్రి నేసిన నిజాం అంచు చీర కట్టుకుని వాళ్ల ఇంటి అరుగు మీద నిలబడితే చాలు. ఆ పిల్ల నియమం తప్పకూడదని ఏజెన్సీని ఎన్‌వోసీ అడిగింది. రోజుకు పదిహేను వేలు రేటు చెప్పారు, పైన తమ కమిషన్. ఒక చీర మీద మిగిలేది ఎంతో నేత ఇళ్లల్లో అందరికీ తెలుసు. చివరికి ఆ చీరను తలుపు రెక్క మీద పరిచి ఫొటో తీసుకున్నారు. కూతురు పక్కనే నిలబడి చూసింది.

మీ వైపు మాట నాకు తెలుసు. ఊరి నుంచి వచ్చిన పిల్లకు నడక, నిలబడటం, కెమెరా ముందు చూపు నేర్పిస్తాం, డబ్బు పెడతాం, నాలుగు దుకాణాలకు పరిచయం చేస్తాం, పేరు రాగానే ఇంకో ఏజెన్సీకి వెళ్లిపోతే మేమేం కావాలి అంటారు. ఇందులో న్యాయం ఉంది. నాకు ర్యాంప్ మీద నడవడం నేర్పిన మాస్టారు ఏజెన్సీ జీతం మీద ఉన్న మనిషే, ఆయన చలవే నేనివాళ ఇలా నిలబడ్డాను. మీరు నిజంగా పెట్టిన ఖర్చు మీకు తిరిగి రావాలి. దానికి బిల్లు చూపించి లెక్క తీసుకోండి. అయిదేళ్ల బతుకును తాకట్టు పెట్టించుకోకండి.

చట్టం సంగతి. నేను లాయర్ని కాను, నోటీసు వచ్చాక నేర్చుకున్నదే రాస్తున్నాను. కాంట్రాక్టు నడుస్తున్న కాలంలో వేరే చోట చేయొద్దనే షరతు మామూలుగా చెల్లుతుంది. ఆ మాట దాచను. అయితే అలాంటి షరతు మరీ ఏకపక్షంగా, మరీ కఠినంగా ఉంటే సంగతి వేరని సుప్రీంకోర్టు 1967లో గోలికరి కేసులోనే చెప్పింది. కాంట్రాక్టు ముగిశాక పెట్టే కట్టడి మాత్రం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. క్రికెటర్ జహీర్ ఖాన్ 2000లో ఒక మేనేజ్‌మెంట్ కంపెనీతో మూడేళ్లకు రాసుకున్నాడు. గడువు తీరాక కూడా బయటివాళ్లిచ్చే రేటు ముందు తమకే చూపించాలన్న షరతు పట్టుకుని ఆ కంపెనీ కోర్టుకు వెళ్లింది. ఆ షరతు చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా పైన అయిదో అంశంలో చెప్పిన వాక్యం ఇవాళ్టికీ మా కాంట్రాక్టుల్లో అచ్చవుతోంది.

పది లక్షలు, పాతిక లక్షలు అని రాసే జరిమానాలూ అంతే. అదే కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితం మీద ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారమే, రాసుకున్న అంకెకు లోబడి. వివాదం వస్తే మధ్యవర్తిని మేమే నియమిస్తాం అనే షరతు కూడా ఉంది. ఫలితంతో లాభనష్టాలున్న మనిషి ఒక్కడే మధ్యవర్తిని నియమించడం కుదరదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ మీ లాయర్లకు తెలియనివి కావు. చెల్లని షరతు కాగితం మీద ఎందుకుంటోందంటే, పంతొమ్మిదేళ్ల పిల్లకు చెల్లదని తెలియదు కాబట్టి. కోర్టుకు వెళ్లకుండానే అది పనిచేస్తుంది. మా నాన్న పొలం అమ్మాలా అని అడిగిన రోజున అది పనిచేసింది.

పైగా మేం ఎవరమో చట్టంలో సరిగా లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో, వృత్తి భద్రతకు సంబంధించిన కోడ్‌లో ఆడియో విజువల్ వర్కర్ అనే నిర్వచనం ఉంది. వీడియో ప్రకటనల్లో పనిచేసేవాళ్లు అందులోకి వస్తారు, వాళ్లతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అదే సెట్‌లో, అదే చీరలో, అదే మనిషి స్టిల్ ఫొటోకు నిలబడితే ఆ నిర్వచనంలో ఆ మాట కనబడదు. ర్యాంప్ మీద నడకా కనబడదు. ఉదయం కార్మికురాలు, మధ్యాహ్నం ఎవరూ కాదు.

ఇతర చోట్ల దీన్ని సరిచేశారు. సారా జిఫ్ అనే మోడల్ 2012లో న్యూయార్క్‌లో మోడల్ అలయన్స్ అనే సంస్థ పెట్టి, తోటివాళ్లను కూడగట్టి ఏళ్ల తరబడి పోరాడితే, అక్కడ ఫ్యాషన్ వర్కర్స్ యాక్ట్ వచ్చింది. 2024 డిసెంబరులో గవర్నర్ సంతకం చేశారు, 2025 జూన్ 19 నుంచి అమల్లో ఉంది. ఏజెన్సీ కమిషన్ 20 శాతం దాటకూడదు. కాంట్రాక్టు మూడేళ్లు మించకూడదు. మోడల్ ఒప్పుకోనిదే పొడిగించకూడదు. చేర్చుకునేటప్పుడు డిపాజిట్ తీసుకోకూడదు. డిజిటల్ ప్రతిరూపానికి విడిగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. న్యూయార్క్ ఏజెన్సీలు ఈ షరతులతోనే వ్యాపారం చేస్తున్నాయి.

కాబట్టి మా పధ్నాలుగు మంది తరఫున అడుగుతున్నవి ఇవి.

ఏజెన్సీలను అడిగేవి:

1. ఎక్స్‌క్లూజివ్ కావాలంటే నెలకు కనీస మొత్తం రాసివ్వండి, పని ఇచ్చినా ఇవ్వకపోయినా. ఎంత అన్నది కూర్చుని మాట్లాడుకుందాం. అది ఇవ్వలేమంటే నాన్ ఎక్స్‌క్లూజివ్‌గా రాయండి, మీరిచ్చిన పనికి మీ కమిషన్ మీరు తీసుకోండి. మిగతావన్నీ దీని తర్వాతే.

2. కాంట్రాక్టు రెండేళ్లు మించకూడదు. రెండు నెలలు వరసగా పని ఇవ్వకపోతే మోడల్ నోటీసు ఇచ్చి తప్పుకోవచ్చు. దానంతట అదే పొడిగించడం, ఆపిన నెలలు చివర కలపడం తీసేయండి.

3. కమిషన్ 20 శాతం. సొంతంగా తెచ్చుకున్న పనికి ఏమీ లేదు. ఇంటివాళ్ల కొట్టుకూ, సొంతూరి నేతగాళ్లకూ ఎన్‌వోసీ అడగనక్కర్లేదు.

4. తెలుగు కాపీ ఇవ్వండి, సంతకానికి ముందు ఏడు రోజులు ఇంటికి తీసుకెళ్లి చదువుకోనివ్వండి. షూట్ జరిగే చోట, మేకప్ టేబుల్ మీద సంతకాలు వద్దు. సంతకమైన రోజే ఒక ప్రతి చేతికివ్వండి.

5. బ్లాక్ చేసిన డేట్ 48 గంటల లోపు క్యాన్సిల్ అయితే సగం కూలి ఇప్పించండి.

6. ప్రతి నెలా ఖర్చుల లెక్క, దుకాణం కట్టిన బిల్లు నకలు, పన్ను కింద ముందే కోసిన టీడీఎస్‌కు సర్టిఫికెట్ ఇవ్వండి. డబ్బు 45 రోజుల్లో అందాలి. చిన్న సంస్థలకు బాకీలు తీర్చడానికి 2006 నాటి చట్టం పెట్టిన గడువే ఇది, మేం కొత్తగా కనిపెట్టింది కాదు.

7. ఫొటో ఎక్కడ, ఎన్నాళ్లు వాడతారో రాయండి. కృత్రిమ మేధతో ముఖం వాడితే దానికి విడి కాగితం, విడి డబ్బు.

8. అర్జీలో సంతకం పెట్టినందుకు పని ఆగిపోయిన ఇద్దరు అమ్మాయిలను మళ్లీ పిలవండి.

దుకాణాల యజమానులను అడిగేది ఒక్కటే. బిల్లులో మోడల్ కూలి ఎంత, ఏజెన్సీ కమిషన్ ఎంత అని రెండు వరసలుగా రాయమనండి. అలా రాయని బిల్లు తిప్పి పంపండి. మగ్గం నేసినవారికి ఎంత ముడుతోందో అడిగే కొనుగోలుదారులు ఇవాళ మీ దుకాణాలకు వస్తున్నారు. ఆ చీర కట్టి చూపించిన మనిషి గురించి కూడా మీరు ఆ మాత్రం అడగొచ్చు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలను అడిగేవి రెండు. స్టిల్ ఫొటో, ర్యాంప్ పనులు చేసేవాళ్లనూ ఆడియో విజువల్ వర్కర్లలాగే చూసేలా నియమాలు తేండి, అందుకు నిర్వచనం మార్చాల్సి వస్తే కేంద్రానికి రాయండి. మోడలింగ్ ఏజెన్సీలకు రిజిస్ట్రేషన్ పెట్టి, నమూనా ఒప్పందం తెలుగులో ప్రకటించండి.

ఇప్పుడే ఊరి నుంచి వచ్చి, ఏదో ఒక మేకప్ టేబుల్ దగ్గర పెన్ను పట్టుకుని ఉన్న చెల్లెళ్లకు ఒక మాట. కాగితం ఫొటో తీసుకో. "ఇంట్లో చూపించి రేపు పెడతాను" అను. రేపటిదాకా ఆగని పని మంచి పని కాదు. నాకు ఆ రాత్రి ఈ మాట చెప్పేవాళ్లు లేరు.

వచ్చే శ్రావణం షూట్‌లు జూన్‌లో మొదలవుతాయి. మే నెలాఖరు లోపు మాతో కూర్చుని మాట్లాడండి. మీరు చెప్పిన చోటికి, చెప్పిన రోజుకు మేం వస్తాం, మీ లాయర్లనూ తీసుకురండి. అప్పటిదాకా మా పధ్నాలుగు మందిలో ఎవరమూ కొత్త ఎక్స్‌క్లూజివ్ కాగితం మీద సంతకం పెట్టం. ఒప్పుకున్న షూట్‌లు మాత్రం ఒక్కటి కూడా ఎగ్గొట్టం, మీ సరుకు ఆగదు.

మేం తెలుగులో తయారు చేసుకున్న నాలుగు పేజీల నమూనా ఒప్పందాన్ని ఈ లేఖతో పాటు అదే ఆరు ఏజెన్సీలకు మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. చివరి పేజీలో మీ మార్పులు రాయడానికి ఖాళీ వదిలాం. పంపినవాళ్ల చిరునామా కవరు మీద ఉంది.

ఇట్లు,
పధ్నాలుగు మంది తరఫున
ఒక మోడల్, హైదరాబాద్